కుడి పై లోబు మళ్లీ మళ్లీ మూసుకుంటోంది: వెంటిలేటర్ మీదున్న బిడ్డకు ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి

సిస్టర్, మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను. అనంతపురంలో పిల్లల ఐసీయూ. 8 నెలల బాబు, 7.5 కిలోలు, న్యుమోనియాతో వెంటిలేటర్ మీద నాలుగో రోజు. గాలిగొట్టంలోకి 3.5 మిల్లీమీటర్ల కఫ్ ట్యూబు (చుట్టూ గాలి బుడగ ఉన్నది), పెదవి దగ్గర 12 సెంటీమీటర్ల గీత మీద ప్లాస్టర్. పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తిలో మిగిలే పీడనం) 5, ఆక్సిజన్ 60 శాతం. ఎక్స్‌రేలో కుడి పై లోబు (ఊపిరితిత్తిలో ఒక భాగం) కొలాప్స్, అంటే గాలి పోయి ముడుచుకుంది. గంటకోసారి సెలైన్ వేసి సక్షన్ (కఫం లాగడం), 4 గంటలకోసారి ఫిజియో (ఛాతీ తట్టడం) నడుస్తున్నాయి. సాయంత్రానికి తెరుచుకుంటుంది, పొద్దునకల్లా మళ్లీ మూసుకుంటుంది. సక్షన్ ఇంకా పెంచాలా, లేక బ్రాంకోస్కోపీకి (గాలిగొట్టంలోకి స్కోపు దించి చూసే పరీక్షకు) కర్నూలుకో బెంగళూరుకో పంపాలా అన్నది మీ సందేహం.

రెండూ తర్వాత సంగతి. ముందు ఆ 12 అంకెను అనుమానించండి.

నోటి నుంచి వేసిన ట్యూబు పెదవి దగ్గర ఎంత లోతులో ఉండాలంటే, ట్యూబు సైజుకు మూడింతలు. 3.5కి 10.5 సెంటీమీటర్లు. వయసులో సగానికి 12 కలిపే లెక్క ఇంకోటి ఉంది, కానీ అది 2 ఏళ్లు దాటిన పిల్లలకే. నెలల బిడ్డకు ఆ లెక్క వేస్తే సరిగ్గా 12 చిల్లర వస్తుంది, మీ దగ్గర జరిగింది బహుశా అదే. ఈ వయసులో గాలిగొట్టం మొత్తం పొడవే 5 సెంటీమీటర్ల చుట్టుపక్కల. అందులో ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువ దిగితే ట్యూబు కొన కుడి బ్రాంకస్‌లోకి (కుడి ఊపిరితిత్తికి వెళ్లే గొట్టంలోకి) పోవచ్చు. కుడి పై లోబుకు వెళ్లే దారి అక్కడికి దగ్గర్లోనే చీలుతుంది. ట్యూబు కొన దాన్ని దాటిపోయినా, దానికి అడ్డంగా నిలబడినా ఆ లోబుకు గాలి అందదు. లోపలున్న గాలి రక్తంలోకి ఇంకిపోయి లోబు ముడుచుకుంటుంది. ఇంకా లోతుకు పోతే ఎడమ ఊపిరితిత్తి మొత్తం మూసుకుపోయి, కుడి వైపు అతిగా ఉబ్బుతుంది.

సాయంత్రం తెరుచుకుని పొద్దునకు మూసుకోవడం కూడా దీనికి సరిపోతుంది. బిడ్డ గడ్డం గుండె వైపు వంగితే ట్యూబు లోపలికి దిగుతుంది, గడ్డం పైకెత్తితే బయటికి వస్తుంది. చిన్నబిడ్డలో ఈ కదలిక సెంటీమీటరు దాకా ఉంటుంది. రాత్రి భుజాల కింద గుడ్డ మడత తీసేసి, తల కింద దిండు పెట్టారా అని నైట్ డ్యూటీవాళ్లను అడగండి. ఎక్స్‌రే తీసేటప్పుడు తల నిటారుగా, గడ్డం పైకీ కిందికీ కాకుండా ఉంచి, అప్పుడు పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్లుందో ఫిల్ము మీద రాయించండి. ట్యూబు కొన ఛాతీ వెన్నుపూసల్లో రెండోది, మూడోది దగ్గర, అంటే కాలర్ బోన్ల లోపలి చివర్లకు కాస్త కింద, కెరైనాకు (గాలిగొట్టం రెండుగా చీలే చోటుకు) బాగా పైన కనబడాలి.

ట్యూబు వెనక్కి లాగడం డాక్టరు పని, కానీ సిద్ధం చేయాల్సింది మీరే. నోరు, గొంతు ముందు సక్షన్ చేయాలి. ఆ తర్వాతే కఫ్ గాలి తీయాలి, లేదంటే కఫ్ పైన నిలిచిన ఉమ్మి అంతా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఒకరు ట్యూబును పై చిగురుకు ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు ప్లాస్టర్ తీయాలి. అర సెంటీమీటరు చొప్పున లాగుతూ రెండు పక్కలా విని, మళ్లీ అంటించి, కఫ్ నింపి ఎక్స్‌రే తీయాలి. కఫ్ పీడనం 20 సెంటీమీటర్ల నీటి దగ్గర ఉంటే మేలు, 25 దాటకూడదు. పక్కనే మాస్కు, బ్యాగు, లారింగోస్కోపు, ఇంకో 3.5 ట్యూబు, ఒక 3.0 ట్యూబు ఉండాలి.

ఎక్స్‌రేలో తెల్లగా కనబడిందల్లా కొలాప్స్ కాదు. ముడుచుకున్న లోబు పక్కవాటిని తన వైపు లాక్కుంటుంది: శ్వాసనాళం, గుండె తెల్లటి వైపు జరుగుతాయి, పక్కటెముకల సందులు దగ్గరవుతాయి, కుడి పై లోబైతే దానికీ మధ్య లోబుకూ నడుమ కనబడే అడ్డగీత పైకి లేస్తుంది. నీరు చేరితే అవే అవతలి వైపు నెట్టబడతాయి. మామూలు న్యుమోనియాలో ఏదీ కదలదు. నెలల పిల్లల్లో థైమస్ గ్రంథి కూడా కుడి పైభాగంలో తెరచాపలా తెల్లగా కనబడుతుంది, అడ్డగీత పైకి లేవకపోతే దాన్ని తలచుకోవాలి. ఫిల్ము పక్కకు తిరిగి ఉంటే ఇవేవీ నమ్మకూడదు. డెంగ్యూ పిల్లల్లో కుడి వైపు కింద తెలుపుకు ఎక్కువసార్లు కారణం నీరే. దాని ఒత్తిడికి ఊపిరితిత్తి నలుగుతుంది. అక్కడ సక్షన్‌తో ఒరిగేదేమీ లేదు, పీప్ సాయం చేస్తుంది. ప్లేట్‌లెట్లు తక్కువున్న బిడ్డకు వీపు మీద తట్టడం కూడా ప్రమాదమే.

ట్యూబు సరిగానే ఉందని తేలితే తర్వాత చూడాల్సింది హ్యుమిడిఫయర్, అంటే గాలికి వేడి, తేమ కలిపే యంత్రం. మన వైపు ఐసీయూల్లో దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ముక్కు చేసే పనిని ట్యూబు దాటవేస్తుంది కాబట్టి గాలి బిడ్డకు 37 డిగ్రీల వేడితో, లీటరుకు 44 మిల్లీగ్రాముల నీటి ఆవిరితో అందాలి. పొడి గాలి పోతే కఫం బంకలా మారుతుంది, దాన్ని ఎంత సక్షన్ చేసినా రాదు. స్క్రీను మీద 37 కనబడితే చాలనుకోవడం పొరపాటు. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో బయట 40 దాటుతుంది. ఏసీ సరిగా పనిచేయని గదిలో, టర్బైన్ వెంటిలేటర్ నుంచి వచ్చే గాలి ముందే వేడిగా ఉంటుంది. గాలి వేడిగానే ఉంది కదా అని యంత్రం కింది ప్లేటును వేడి చేయడం తగ్గిస్తుంది. ప్లేటు వేడెక్కకపోతే నీరు ఆవిరవ్వదు. వేడి సరిపోయింది, తేమ లేదు. మంచం పక్కనే కళ్లతో పట్టుకోవచ్చు: బిడ్డ ట్యూబుకు దగ్గరి గొట్టంలో సన్నటి ఆవిరి చెమర్చి ఉండాలి. అది పొడిగా ఉండి, చాంబర్‌లో నీటి మట్టం షిఫ్టంతా దాదాపు అక్కడే ఉండిపోతే తేమ అందడం లేదు. గదిని చల్లబరచండి, వెంటిలేటర్ మీద ఎండ పడకుండా జరపండి, ఏసీ గాలి నేరుగా గొట్టాల మీదికి, సెన్సర్ మీదికి రానివ్వకండి. చాంబర్‌లో స్టెరైల్ డిస్టిల్డ్ వాటరే పోయాలి, కుళాయి నీళ్లు వద్దే వద్దు. హ్యుమిడిఫయర్ బదులు ట్యూబు దగ్గర తగిలించే ఫిల్టరు వాడుతుంటే, కఫం ఎక్కువగా ఉన్న ఈ బాబుకు అది సరిపోదు. పైగా ఊపిరికి పనికిరాని చోటును పెంచుతుంది.

ఇప్పుడు సక్షన్. గంటకోసారి అని ఆర్డరు రాయడం మానేయమని డాక్టరును అడగండి. అవసరమైనప్పుడు చేయాలి: ట్యూబులో కఫం కనబడితే, ఛాతీ మీద చేయి పెడితే గరగర తగిలితే, వెంటిలేటర్ ఫ్లో గీత రంపం పళ్లలా వణికితే, టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరికి వెళ్లే గాలి) పడిపోతే, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) తగ్గితే. ప్రతి సక్షన్ కఫంతో పాటు గాలిని కూడా పీల్చేస్తుంది. వెంటిలేటర్ విప్పి చేస్తే పీప్ మొత్తం పోతుంది. గంటకోసారి విప్పుతుంటే గంటకోసారి ఆ లోబును మీరే మూస్తున్నట్టు. వెంటిలేటర్ విప్పకుండానే చేసే క్లోజ్డ్ సక్షన్ సెట్టు ఉంటే అదే వాడండి.

కఫం లాగే సన్న గొట్టం, అంటే కెథెటర్, సైజు (ఫ్రెంచ్ కొలతలో) ట్యూబు సైజుకు రెండింతలు. 3.5కి 7 వస్తుంది, మన స్టోర్లలో ఎక్కువగా ఉండేవి 6, 8. చిక్కటి కఫం 6లోంచి రాదు. 8 వేస్తే ట్యూబులో బిగుతుగా ఉంటుంది, పక్కనుంచి గాలి పోదు, అందుకని సమయం తగ్గించాలి. 10 అసలు వేయకూడదు. పీడనం ఈ వయసుకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పాదరసం చాలు. గోడ సక్షన్ గేజీని కెథెటర్ మూసి పట్టుకుని చూడాలి, తెరిచి ఉన్నప్పుడు చూపే అంకె తప్పు. లోతు ముందే కొలవండి: ట్యూబు మీద గీతలు చూసి, దాని పూర్తి పొడవుకు, కనెక్టర్‌కు సరిపడా కెథెటర్ మీద కొలత పెట్టుకుని, అర సెంటీమీటరుకు మించి బయటికి పోనివ్వకండి. తగిలేదాకా తోస్తే కెరైనా గీసుకుని రక్తం, వాపు వస్తాయి. ఆ వాపే మళ్లీ దారి మూస్తుంది. లోపల పెట్టి తీసేవరకు 10 సెకన్లు మించకూడదు. సెలైన్ ప్రతిసారీ వేయడం మానండి. అది కఫాన్ని కరిగించదు, సాచురేషన్ పడేస్తుంది, క్రిములను లోపలికి తోస్తుంది. ట్యూబు గోడకు ఎండిపోయిన కఫం కెథెటర్‌కు అడ్డుపడుతోందని తెలిసినప్పుడు మాత్రం అర మిల్లీలీటరు వేయొచ్చు.

సక్షన్ అయ్యాక బ్యాగుతో 100 శాతం ఆక్సిజన్ ఇచ్చి గట్టిగా నొక్కడం చాలాచోట్ల అలవాటు. అందులో రెండు చిక్కులున్నాయి. పీప్ వాల్వు లేని బ్యాగుతో ఊపిరి చివర పీడనం సున్నా, తెరిచిన లోబు ఆ క్షణమే మూసుకుంటుంది. రెండోది ఆక్సిజన్ సంగతి. గాలిలో ఉండే నైట్రోజన్ రక్తంలోకి పెద్దగా పోదు, గాలి సంచుల్లో నిలబడి వాటిని తెరిచి ఉంచుతుంది. 100 శాతం ఆక్సిజన్ ఇస్తే ఆ నైట్రోజన్ బయటికి పోతుంది, ఉన్న ఆక్సిజన్ మొత్తం రక్తంలోకి ఇంకి సంచి ఖాళీ అవుతుంది. సక్షన్‌కు ముందు నడుస్తున్న ఆక్సిజన్‌కు 10, 20 శాతం పెంచితే చాలామంది పిల్లలకు సరిపోతుంది. తర్వాత 2, 3 నిమిషాల్లో తగ్గించాలి. బాబుకు సాచురేషన్ 92 నుంచి 97 మధ్య ఉంటే చాలు, 100 కోసం 60 శాతం ఆక్సిజన్ నడపకండి.

ముడుచుకున్న లోబును తెరిచేది సక్షన్ కాదు, పీడనం. తెరిచాక నిలబెట్టేది కూడా పీడనమే. కొత్త బెలూన్‌కు మొదటి ఊదు కష్టం, తర్వాత సులువు అన్నట్టే, పూర్తిగా మూసుకున్న సంచిని తెరవడానికి ఎక్కువ పీడనం కావాలి. నెలల పిల్లల పక్కటెముకలు మెత్తన, ఛాతీ తనంతట తాను ఊపిరితిత్తిని తెరిచి పట్టుకోలేదు. ఒక సంచి నుంచి పక్క సంచికి గాలి పోయే చిన్న రంధ్రాలు కూడా పెద్దవాళ్లలో లాగా ఇంకా ఏర్పడవు. ఈ వయసులో ఒక్క కఫం గడ్డ లోబు మొత్తాన్ని పడగొట్టడం అందుకే. మత్తుతో, కండరాల మందుతో పడుకున్న బిడ్డకు, పాముకాటుతోనో పురుగుమందుతోనో శ్వాస కండరాలు చచ్చుబడిన బిడ్డకు పీప్ 5 చాలాసార్లు చాలదు. డాక్టరుతో మాట్లాడి పీప్ 2 చొప్పున పెంచి, ఒక్కో మెట్టు దగ్గర 10, 15 నిమిషాలు ఆగి చూడండి. ప్రెషర్ కంట్రోల్‌లో (ప్రతి ఊపిరికీ ఒకే పీడనమిచ్చే పద్ధతిలో) ఉంటే ఎక్స్‌పైర్డ్ టైడల్ వాల్యూమ్, అంటే బయటికొచ్చే ఊపిరి, చూడాలి: 7.5 కిలోలకు 45 నుంచి 60 మిల్లీలీటర్లు కావాలి. అదే పీడనానికి 38 ఉన్నది 50 అయితే లోబు తెరుచుకుంటోంది. 38 అక్కడే ఉండి బీపీ తగ్గితే, గుండె వేగం పెరిగితే అతిగా ఉబ్బిస్తున్నారు, వెనక్కి రావాలి. ప్లాటో పీడనం (ఊపిరి నిండాక ఆపి చూసే పీడనం) 28 దాటకూడదు, ప్లాటోలోంచి పీప్ తీసేస్తే 15 మించకూడదు. 40 పీడనం పెట్టి 40 సెకన్లు పట్టి ఉంచే పద్ధతి ఇంత చిన్నబిడ్డకు వద్దు, మెట్టు మెట్టుగానే.

పొట్ట ఉబ్బి ఉందేమో కూడా చూడండి. కడుపులో గాలి డయాఫ్రమ్‌ను (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరాన్ని) పైకి నొక్కుతుంది, ముక్కు గొట్టం తెరిచి గాలి తీస్తే చాలాసార్లు టైడల్ వాల్యూమ్ అప్పటికప్పుడే పెరుగుతుంది.

పడుకోబెట్టడం గురించి: తల వైపు 30 డిగ్రీలు ఎత్తి, ఎడమ పక్కకు తిప్పి, కుడి వైపు పైకి ఉండేలా కొంచెం బోర్లా వాలిస్తే కుడి పై లోబు కఫం జారుతుంది. పెద్దవాళ్లలో బాగున్న ఊపిరితిత్తి కిందికి ఉంటే ఆక్సిజన్ మెరుగవుతుంది. చిన్నబిడ్డల్లో గాలి ఎక్కువగా పై వైపుకే పోతుంది. కుడి వైపు పైకి పెట్టడం మనకు రెండిందాలా మంచిదే, కానీ కింద పడిన మంచి ఊపిరితిత్తికి గాలి తగ్గి మొదట్లో సాచురేషన్ పడవచ్చు. తిప్పాక 10 నిమిషాలు అక్కడే నిలబడి చూడండి. 2 గంటలకోసారి మార్చండి. తట్టే ఫిజియో వల్ల బ్రాంకియోలైటిస్ పిల్లలకు మేలు లేదు. లోబు కొలాప్స్‌లో కొంతమందికి పనికొస్తుంది, తిప్పిన వెంటనే, సక్షన్‌కు ముందు చేస్తేనే. 3 శాతం సెలైన్ నెబ్యులైజేషన్ ఇస్తే ముందు సాల్బుటమాల్ ఇవ్వాలి, లేదంటే గొట్టాలు బిగుసుకుంటాయి. కఫం పలచబరిచే అసిటైల్‌సిస్టీన్‌తో కూడా అదే భయం. అదే పని చేసే డార్నేజ్ ఆల్ఫా ఖరీదైన మందు, మిగతావన్నీ సరిచేశాక కూడా జిగురు కఫం తగ్గని బిడ్డకు ఆలోచించవచ్చు, మొదటి రోజే కాదు.

ఇదంతా ఊపిరితిత్తి లోపలి గాలి పోయిన కొలాప్స్. బయట గాలి చేరి ఊపిరితిత్తిని నొక్కేసే న్యుమోథొరాక్స్ వేరే సంగతి, దానికి పీప్ పెంచితే బిడ్డ ప్రాణం పోతుంది. ఉన్నట్టుండి సాచురేషన్ పడిపోవడం, ఒక పక్క ఛాతీ ఎత్తుగా నిలిచి కదలకపోవడం, టైడల్ వాల్యూమ్ సగానికి పడిపోవడం, బీపీ తగ్గి గుండె వేగం నెమ్మదించడం దీని గుర్తులు. చిన్న ఛాతీలో శబ్దం ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పాకుతుంది, రెండు పక్కలా వినబడుతోంది కదా అని ధీమాగా ఉండకండి. వెల్లకిలా తీసిన ఫిల్ములో గాలి ముందు వైపు చేరుతుంది, పైన నల్ల గీత కనబడదు. గుండె అంచు మరీ పదునుగా, కింద పక్కటెముక, డయాఫ్రమ్ మధ్య మూల మరీ లోతుగా నల్లగా ఉంటే అనుమానించాలి. అల్ట్రాసౌండ్ ఉంటే ఊపిరితిత్తి పొర జారుతోందో లేదో నిమిషంలో తేలుతుంది.

అలాంటి క్షణంలో వరుస ఇదీ: వెంటిలేటర్ విప్పి పీప్ వాల్వున్న బ్యాగుతో ఊపిరివ్వండి, ట్యూబు జారిందా చూడండి, కెథెటర్ దిగుతోందా చూడండి, ఆ తర్వాత న్యుమోథొరాక్స్. బ్యాగుతో సర్దుకుంటే తప్పు యంత్రానిది. సర్దుకోక, బీపీ పడిపోతుంటే ఎక్స్‌రే కోసం ఆగకూడదు. 22 గేజీ కాన్యులా, త్రీవే (మూడు దారుల చిన్న కుళాయి), 10 మిల్లీలీటర్ల సిరంజీ ట్రాలీలో ఒకే కవర్లో ఎప్పుడూ ఉంచండి. డాక్టరు కాలర్ బోన్ నడిమి గీతలో రెండో సందులో, మూడో ఎముక పై అంచును ఆనుకుని గుచ్చుతారు, ఎముక కింది అంచున రక్తనాళం ఉంటుంది కాబట్టి. తర్వాత చంక ముందు గీతకు, నడిమి గీతకు మధ్య, నాలుగో అయిదో సందులో డ్రెయిన్ (గాలి బయటికి తీసే గొట్టం) వేస్తారు. ఈ బాబంత వాళ్లకు 10, 12 ఫ్రెంచ్ చాలు. బాటిల్ గొట్టం నీటిలో 2 సెంటీమీటర్లు మునగాలి, బాటిల్ ఎప్పుడూ ఛాతీ కంటే కిందే. స్టాఫిలోకోకస్ న్యుమోనియా అయితే ఊపిరితిత్తిలో గాలి బుడగలు ఏర్పడి ఇలా పగలడం మామూలే, చీముతో పాటు గాలి కూడా వస్తుంది.

ఇక బ్రాంకోస్కోపీ. 3.5 ట్యూబులోంచి 2.8 మిల్లీమీటర్ల స్కోపు దాదాపు దారి మూసేస్తుంది, 2.2 స్కోపుకు సక్షన్ దారి ఉండదు. కఫం తీయడానికే అయితే పై పనులన్నీ సరిగ్గా చేసి ఒకటి రెండు రోజులు చూశాక. ఏదైనా ఇరుక్కుందన్న అనుమానముంటే మాత్రం ఆలస్యం చేయకండి. ఈ జిల్లాలో ప్రతి ఇంట్లో శెనక్కాయలు ఉంటాయి, 8 నెలల బాబు నేల మీద ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటాడు, అన్నో అక్కో ప్రేమగా ఒక గింజ పెడతారు. "ఏమైనా మింగాడా" అని అడిగితే లేదనే అంటారు. "జబ్బుకు ముందు తింటూ ఆడుతూ ఉన్నట్టుండి దగ్గి ఊపిరి ఆడనట్టు చేశాడా, ఇంట్లో శెనక్కాయలో చింతగింజలో సీతాఫలం గింజలో ఉన్నాయా" అని తల్లిని, అవ్వను విడివిడిగా అడగండి. కర్నూలు వైపువాళ్లయితే బుడ్డలు అని అడగండి. శెనక్కాయ గింజ ఎక్స్‌రేలో కనబడదు, తడికి ఉబ్బుతుంది, నూనె వల్ల చుట్టూ వాపు తెస్తుంది. దానికి కావాల్సింది రిజిడ్ (వంగని) బ్రాంకోస్కోపు, చిన్నపిల్లలకు మత్తిచ్చే అనుభవమున్న డాక్టరు. పంపే ముందు ఫోన్ చేసి ఆ రెండూ ఆరోజు ఉన్నాయా అని కనుక్కున్నాకే అంబులెన్సు ఎక్కించండి. దారిలో కుదుపులకు ట్యూబు జారుతుంది: బయల్దేరే ముందు గీత రాసుకోండి, తల రెండు పక్కలా గుడ్డ చుట్టలతో కదలకుండా చూడండి, డ్రెయిన్ ఉంటే క్లాంప్ చేయకండి. దారికి ఎన్ని గంటల ఆక్సిజన్ కావాలో లెక్కేసి దానికి రెండింతలు పెట్టుకోండి.

అదే లోబు ట్యూబు తీసేశాక కూడా తెరుచుకోకపోతే టీబీ గడ్డలు బయటి నుంచి బ్రాంకస్‌ను నొక్కుతున్నాయేమో చూడాలి. పొద్దున్నే కడుపులోంచి నీరు తీసి సీబీనాట్‌కు (టీబీ క్రిమిని పట్టే పరీక్షకు) పంపాలి, ఇంట్లో దగ్గేవాళ్లెవరో అడగాలి.

తల్లిదండ్రులు "ఊపిరితిత్తి ఎండిపోయిందా సిస్టర్, ఇక పనిచేయదా" అని అడుగుతున్నారని రాశారు. పాడవలేదు, గాలి అందక ఒక భాగం మూసుకుంది, దారి తెరిస్తే మళ్లీ విచ్చుకుంటుంది అని చెప్పండి. ఎక్స్‌రే చూపించి ఏ భాగమో వేలు పెట్టి చెప్తే ఇంకా నమ్ముతారు. న్యుమోనియా ఎంత ఉందో, అది ఎటు పోతుందో మాత్రం డాక్టరే చెప్పాలి.

ట్యూబు సరిచేసి, హ్యుమిడిఫయర్ చూసి, పీప్ మార్చాక 24 గంటలు గమనించండి. మళ్లీ రాసేటప్పుడు పెదవి దగ్గర సెంటీమీటర్లు, ఎక్స్‌రేలో కొన ఏ వెన్నుపూస దగ్గరుందో, పీప్, ప్లాటో, పీప్ మార్చకముందు తర్వాత టైడల్ వాల్యూమ్, ఆక్సిజన్ శాతం, రోజుకు ఎన్నిసార్లు సక్షన్ అవసరమైందో, కఫం రంగు, చిక్కదనం రాయండి.